పాత కారు ఏసీ: లోపాలు, గ్యాస్ నింపడం

కారు ఏసీలో కంప్రెసర్, కండెన్సర్, డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, కూలింగ్ కాయిల్ ప్రధాన భాగాలు. వీటిలో తిరిగే గ్యాస్ వాడకంతో ఖర్చు కాదు. తగ్గిందంటే లీకు ఉన్నట్లే. 1990ల తొలినాళ్ల వరకు కార్లలో ఆర్-12 వాడేవారు. ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం దాన్ని నియంత్రించాక ఆర్-134ఏ వచ్చింది. ఈ రెండింటినీ కలపరాదు; మార్పిడి చేసేటప్పుడు సరిపడే ఆయిల్, కొత్త డ్రయర్ వేయాలి.

చల్లదనం తగ్గితే ముందుగా బెల్టు, ఫ్యాన్, కండెన్సర్‌పై దుమ్ము చూడాలి. కంప్రెసర్ క్లచ్ పట్టకపోతే ఫ్యూజు, రిలే, ప్రెషర్ స్విచ్ పరీక్షించాలి. గేజీలో తక్కువ పీడనం వైపు, ఎక్కువ పీడనం వైపు రీడింగులు రెండూ తక్కువుంటే సాధారణంగా గ్యాస్ కొరత. రెండూ ఎక్కువుంటే అధిక గ్యాస్ లేదా కండెన్సర్ వేడెక్కడం. తక్కువ పీడనం వైపు పెరిగి, ఎక్కువ పీడనం వైపు పడిపోతే కంప్రెసర్ అరుగుదల కారణం కావచ్చు. జాయింట్ల వద్ద ఆయిల్ మరక లీకుకు గుర్తు.

లీకు సరిచేశాక వాక్యూమ్ పంపుతో కనీసం అరగంట గాలి, తేమ లాగేయాలి. వాక్యూమ్ నిలిస్తేనే, బానెట్ కింది లేబుల్‌పై ఉన్న బరువు ప్రకారం గ్యాస్ నింపాలి. ఇంజిన్ నడుస్తుండగా తక్కువ పీడనం వైపు నుంచే ఎక్కించాలి. మోతాదు మించితే కంప్రెసర్ దెబ్బతింటుంది. ఆర్-134ఏ భూతాపాన్ని కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా పెంచుతుంది కనుక, పాత గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా రికవరీ యంత్రంలోకి తీయాలి.