ధాత కఱవున సాయమును పరీక్షయు

కడప మండలమున జమ్మలమడుగును ప్రొద్దుటూరును పినాకినీతీరమున నున్నవి. అచ్చటి నల్లరేగడి వాన కుఱిసిన పండును, కుఱియని యేఁడు నెఱ్ఱెలు వాఱును. పులివెందులకు బావులే ముఖ్యాధారము. ధాత సంవత్సరమున (1876) వానలు తప్పఁగా ఈ మూఁడు తాలూకాలును దత్తమండలముల తక్కిన భాగములవలెనే నలిగినవి. ధాతృశబ్దము ధారణపోషణార్థకమగు ధాతువునుండి పుట్టినది. పోషకుఁడని పేరుగల సంవత్సరమే జనులను పస్తులుంచినది. 1871లో సుమారు 13 లక్షల 51 వేలుగా నున్న కడపమండల జనసంఖ్య 1881 నాఁటికి 11 లక్షల 21 వేలైనది.

పదియేండ్లకు పూర్వము, 1866 నాఁటి కఱవున, కోవెలకుంట్ల ప్రాంతమందలి ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి వచ్చినవారి కెల్ల నన్నము పెట్టెను. విక్టోరియా రాణి యాతనికి బంగారు పతకము పంపెను. స్వధనమును వ్యయించువాఁడు లెక్క చెప్పవలసినది తనకే. పన్నుల ధనమును వ్యయించు ప్రభుత్వమున కా స్వేచ్ఛ లేదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

1877 జనవరిలో భారతప్రభుత్వము సర్ రిచర్డ్ టెంపిల్‌ను మద్రాసు రాజధానికిఁ బంపెను. ఈతఁడే 1874లో బీహారు క్షామమున బర్మానుండి బియ్యము తెప్పించి, మరణములను మిక్కిలి తగ్గించి, దుర్వ్యయము చేసెనని నిందపడినవాఁడు. ఆ నింద యాతని బుద్ధిని మార్చినదని తలఁచుట తప్పుగాదు. కఱవుపనులలో పురుషునకు దినమునకు పౌనున్నర ధాన్యపు వెలకు మాఱుగా పౌను ధాన్యపు వెలయు, అర్ధణాయును చాలునని యాతఁడు నిర్ణయించెను. అక్కఱలేనివాఁ డింత స్వల్పమునకు రాఁడు. కావున రానివాని కక్కఱ లేదని యూహ. ఈ యనుమానమున హేతువు వ్యభిచారి. రాలేనివాఁడును రాఁడు గదా! నడువలేని వృద్ధుఁడు, జ్వరపీడితుఁడు, చంకబిడ్డ గల తల్లి, వీరందఱును అక్కఱలేనివారి లెక్కలోఁ జేరిపోవుదురు.

రాజధాని యారోగ్యాధికారి డాక్టరు కార్నిష్ దీనిని ఖండించెను. కఠినశిక్ష ననుభవించు ఖైదీ తిండికన్న తక్కువ తిండితో మట్టి మోయు టెట్లని యాతని వాదము. 1877 మే నెలలో మద్రాసు ప్రభుత్వము కూలి పెంచెను. ఆలోపలఁ బోయినవారు పోయిరి. దయాశబ్దమునకు మూలమగు ధాతువునకు దానము, గతి, రక్షణము, హింస, ఆదానము నను నర్థములను ధాతుపాఠము చెప్పుచున్నది. దానమును హింసయు నొక్క ధాతువున నుండుట వైయాకరణులకు వింత గాదు; ఆ యర్ధణాకూలి నెఱిఁగినవారికిని గాదు.

పని చేయలేనివారికి గ్రామములలోనే సాయమిచ్చుటకు పట్టికలు కావలసెను. వానికి రెడ్డియు కరణమును ఆధారము. ఒక పేరు చేర్చుటయు విడుచుటయు వారి చేతిలోనిది. లెక్క యడుగవలసిన చోటు నిజముగా నిది. 1880లో స్ట్రేచీ యధ్యక్షతఁ గల క్షామసంఘ మీ సంగతి గ్రహించి, పనివానికి దేహము నిలుచునంత కూలియు, అశక్తులకు గ్రామపట్టికలపై సాయమును, ఆ పట్టికలకు పర్యవేక్షకుల తనిఖీయు నుండవలెనని చెప్పెను. 1883 నాఁటి క్షామనిబంధనావళి దీని ననుసరించినది.

ఆ కఱవుననే, వానలు పడిన పిదప, లండనులో మాన్షన్ హౌసున పోగైన చందాసొమ్ము రైతులకు విత్తనములకును, ఎద్దులకును, కూలిన యిండ్లకును పంచఁబడెను. దీనికిఁ గూలిపరీక్ష లేదు. ఎద్దు పొలమున నున్నదో లేదో ఊరందఱకును గన్పట్టును.