వేగం మన చేతిలో, పాత పెట్టెలో కొత్త ప్రాణం

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

కొండ దిగి విశాఖలో డిగ్రీ చదవడానికి వచ్చిన మన పిల్లల దగ్గర ప్రతి ఏడూ రెండు మాటలు వినిపిస్తాయి. పాడేరు నుంచి వచ్చినా, సీతంపేట నుంచి వచ్చినా అవే. ఒకటి, "ఇంగ్లీషు పాఠం స్పీడుగా పోతంది, అందట్లేదు." రెండు, "హాస్టల్లో కంప్యూటర్ పాతది, కొత్తవేవీ ఎక్కవు." మొదటి మాట అన్నవాడు తన బుర్రనే తిట్టుకుంటాడు. రెండో మాట విన్నవాళ్ళు కంప్యూటర్ని మూలన పెట్టి దుప్పటి కప్పేస్తారు. ఈ రెండింటి వెనకా చరిత్ర ఉంది. అది తెలిస్తే చాలామంది చదువు ఆపకుండా నిలబడతారని నా నమ్మకం.

ముందు వేగం సంగతి. గ్రామఫోన్ రికార్డులు, టేపులు ఉన్న రోజుల్లో వేగాన్నీ గొంతునీ విడదీయడం కుదిరేది కాదు. టేపు నెమ్మదిగా తిప్పితే గొంతు బొంగురుపోయేది, వేగంగా తిప్పితే కీచుమనేది. 1950లలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో గ్రాంట్ ఫెయిర్‌బ్యాంక్స్, ఆయన తోటివాళ్ళు దీనికి దారి చూపించారు. మాటని చాలా చిన్న ముక్కలుగా కోస్తారు. వేగం కావాలంటే మధ్యలో కొన్ని ముక్కలు తీసేస్తారు. నిదానం కావాలంటే అవే ముక్కలు మళ్ళీ వినిపిస్తారు. ముక్క మరీ చిన్నది కాబట్టి అతుకు చెవికి తెలీదు, గొంతు మారదు. చూపులేనివాళ్ళు రికార్డు చేసిన పుస్తకాలు త్వరగా వినడానికి ఈ పద్ధతి పనికొచ్చింది. ఇవాళ మన బ్రౌజర్ చేసేదీ మూలంలో అదే.

2015 జనవరిలో యూట్యూబ్ పాత ఫ్లాష్ ప్లేయర్ని పక్కన పెట్టి హెచ్‌టీఎంఎల్5 ప్లేయర్ని అందరికీ మామూలు ప్లేయర్‌గా చేసింది. సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్ స్పీడ్ తెరిస్తే 0.25 నుంచి 2 వరకు ఉంటుంది. కంప్యూటర్లో అయితే షిఫ్ట్ పట్టుకుని కామా నొక్కితే తగ్గుతుంది, ఫుల్‌స్టాప్ నొక్కితే పెరుగుతుంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటీఈఎల్ పాఠాలు అక్కడ ఉచితంగా ఉన్నాయి. 40 నిమిషాల పాఠాన్ని 0.75లో వింటే సుమారు 53 నిమిషాలు పడుతుంది. పదమూడు నిమిషాలే తేడా. క్లాసులో మేష్టార్ని "మళ్ళీ చెప్పండి సార్" అనడానికి మనకి మొహమాటం. వీడియో దగ్గర ఆ మొహమాటం దేనికి?

ఇక పాత కంప్యూటర్ సంగతి. మనం ఉన్నది ఉక్కు నగరం. ఇక్కడ ఉక్కు చేసేటప్పుడు కరిగిన ఇనుములో పాత తుక్కు కూడా వేస్తారు. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం పాతదంటే పనికిరానిదే అనుకుంటాం. అసలు అది పాతదైపోయిందని ఎవరు చెప్పారు? చాలాసార్లు కంపెనీ పెట్టిన తేదీ చెప్పింది. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. ఆ రెండోది జరిగిన రెండు నెలలకే లాక్‌డౌన్ వచ్చి చదువంతా ఆన్‌లైన్‌కి పోయింది. 2023 మొదట్లో క్రోమ్ కూడా విండోస్ 7ని వదిలేసింది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10 వంతు వచ్చింది. విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 చిప్, కొత్త ప్రాసెసర్ అడుగుతుంది. కీబోర్డు బాగుంది, తెర బాగుంది, అయినా పెట్టె పాతదైపోయింది.

దీనికి ఎదురుదారి వేసినవాళ్ళలో విద్యార్థులు ఉన్నారు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్ట్ ప్రకటించాడు. 1991లో హెల్సింకిలో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టాడు, అప్పటికి ఆయన యూనివర్సిటీ విద్యార్థి. 1993లో డెబియన్ మొదలుపెట్టిన ఇయాన్ మర్డాక్ కూడా విద్యార్థే, వయసు 20. ఇప్పుడు నా వయసూ అంతే! మన తెలుగువాళ్ళలో హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ని, పిల్లల కోసం బాలస్వేచ్ఛని తయారుచేసింది.

కొత్త సాఫ్ట్‌వేర్ మనకెందుకు అంటారా? మన అక్షరాల కోసం కూడా. సవర భాషకి 1936లో మంగేయి గొమాంగో సృష్టించిన సొరంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది. ఆదిలాబాద్ గుంజాల గోండి లిపి 2018లో చేరింది. విండోస్ 7 వచ్చింది 2009లో. అందులో ఆ అక్షరాలు తెరిస్తే ఖాళీ డబ్బాలే కనిపిస్తాయి. మన తాతలు రాసుకున్న అక్షరం మన హాస్టల్ తెర మీద కనబడాలంటే ఆ పెట్టెకి కొత్త ఫాంట్, కొత్త సాఫ్ట్‌వేర్ కావాలి.

చెయ్యాల్సింది కష్టమేమీ కాదు. ముందు వార్డెన్ గారినో మేష్టారినో అడిగి అనుమతి తీసుకోండి. ఫైళ్ళన్నీ వేరేచోట దాచండి. లుబుంటు లాంటి తేలికపాటి లినక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, ఎక్కించకుండానే నడిపి చూడండి. వైఫై, సౌండ్ పనిచేస్తే అప్పుడు ఎక్కించండి. ప్రాసెసర్ 64 బిట్‌దో కాదో చూసుకోండి. 32 బిట్ పెట్టెలకి దారి మూసుకుపోతోంది, 2025లో వచ్చిన డెబియన్ 13కి ఆ ఇన్‌స్టాలర్ లేదు. 4 జీబీ ర్యామ్, ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ వేస్తే ఇంకా నయం. విండోస్‌లో మాత్రమే నడిచే ప్రోగ్రాములు కొన్ని ఉంటాయి, వాటికి ఇది సరిపోదు. పాఠం వినడానికి, అప్లికేషన్ పెట్టడానికి, ప్రాజెక్ట్ టైప్ చెయ్యడానికి మాత్రం సరిపోతుంది.

మీ హాస్టల్లో దుప్పటి కప్పిన కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి కింద రాయండి. ఇది తెలిసిన అన్నలు, అక్కలు ఒక ఆదివారం కేటాయిస్తే, వచ్చే ఏడు దిగే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మొదటి పాఠం 0.75లో వింటారు. రెండో ఏడుకి వాళ్ళే 1.5లో పెడతారు.