మూగవోయిన జంటయక్షరములు

ఆంగ్లభాషలో రాత్రికి ‘నైట్’ అనియు, వెలుగునకు ‘లైట్’ అనియు, కుమార్తెకు ‘డాటర్’ అనియు, ఎనిమిదికి ‘ఎయిట్’ అనియు పేళ్లు. ఈ పదములన్నింటి నడుమను ‘జీ’, ‘హెచ్’ అను రెండక్షరములు జంటగా నిలిచియుండును. చదువరి నోట మాత్రము వినబడవు. మన పాఠశాలలలో తరతరముల పిల్లలు ఈ పదముల కూర్పును ఒక్కొక్క యక్షరముగా వల్లెవేసి కంఠస్థము చేసినవారే కాని, పలుకని యక్షరములను వ్రాయవలసిన యగత్యమేమని యడిగినవారికి ఆ భాష తీరే యంత యను సమాధానము తప్ప వేఱొకటి తఱచుగా లభింపలేదు. ఆ సమాధానము సత్యము కాదు. ఈ జంట యొకనాడు పలికినదే. దానిని ముందు పలికిన జనులును, పిమ్మట తోలుపత్రములపై వ్రాసిన లేఖకులును, తుదకు సీసపుటచ్చులతో కూర్చిన కంపోజిటరులును గడపిన వేయేండ్ల చరిత్ర యీ పదములందు నిక్షిప్తమై యున్నది.

నార్మనుల దండయాత్ర జరిగిన 1066వ సంవత్సరమునకు పూర్వము ఇంగ్లండునందు రాత్రిని ‘నిహ్త్’ అనియు, కుమార్తెను ‘దొహ్తోర్’ అనియు వ్రాయుచుండిరి. అందలి హకారము నేటి హకారమువలె తేలికయైనది కాదు. నాలుకను అంగుటికి తాకీ తాకనట్లుంచి, ఆ యిఱుకున గాలిని ఒరయించుచు వెలువరించు ఊష్మధ్వని యది. జర్మనులు తమ రాత్రిశబ్దమైన ‘నాఖ్ట్’ అను పదములో నేటికిని దానిని స్పష్టముగా పలుకుదురు. మన ‘నక్తంచర’ శబ్దములోని నక్తమును, ‘దౌహిత్ర’ శబ్దమునకు మూలమైన దుహితయును ఈ పదములకు జ్ఞాతులే. ఆదిమభాషయందలి కకారము జర్మానిక్ శాఖలో ఇట్టి యూష్మముగా పరిణమించెనని యాకోబ్ గ్రిమ్ పండితుడు 1822లో ప్రకటించిన వ్యాకరణమున సూత్రీకరించిన పిమ్మట ఈ సంబంధము నిస్సంశయమైనది. నక్తములోని కకారమే ‘నైట్’ లోని మూగజంటకు సోదరమని యెఱిగిన తెలుగు విద్యార్థి ఆ యక్షరములను నిరర్థకములని యెట్లు తృణీకరింపగలడు?

ఆంగ్లసాక్సనులు ‘జీ’ని వ్రాయు ప్రాచీనరూపమునుండి ‘యోగ్’ అను నక్షరము పుట్టెను. అది మూడంకెను బోలియుండి, కొన్నిచోట్ల యకారమునకును, కొన్నిచోట్ల ఈ యూష్మమునకును గుర్తుగా వాడబడెను. పండ్రెండవ శతాబ్దమున లింకన్‌షైర్ ప్రాంతపు సన్యాసియగు ఓర్మ్ అనునతడు తన పద్యగ్రంథమున ధ్వనికి తగిన యక్షరము నుంచవలెనని తపించి, ‘జీ’కి వేఱువేఱు రూపములను పాటించెను, ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున నున్న ఆతని స్వహస్తప్రతి నాటి యుచ్చారణమునకు అమూల్యసాక్ష్యము. ఐనను కాలము ఓర్ముని పక్షమున లేదు. ఫ్రెంచి, లాటిను పద్ధతుల నభ్యసించిన లేఖకులు దేశీయమైన యోగ్‌ను క్రమముగా విడిచి, దానికి మాఱుగా ‘జీ’, ‘హెచ్’ లను పక్కపక్కన వ్రాయసాగిరి. మన జంట పుట్టుక యిదియే.

లేఖకుల చేతిలో ఎంతో కొంత చంచలముగా నున్న యీ కూర్పును కదలకుండ నిలిపినది అచ్చుయంత్రము. కెంటు సీమలో పుట్టి, బ్రూజ్ నగరమున వర్తకుడుగా చిరకాలము నివసించి, కొలోన్ నగరమున ముద్రణవిద్య నేర్చిన విలియం కాక్స్టన్, 1476లో స్వదేశమునకు మరలివచ్చి వెస్ట్‌మినిస్టరు మఠసమీపమున ఇంగ్లండునకు మొట్టమొదటి ముద్రణాలయమును స్థాపించెను. ఆతనికి సహాయులై, ఆతని యనంతరము ఆ ముద్రణాలయమును నడిపిన వింకిన్ ద వోర్డ్ వంటివారు సముద్రమున కావలి దేశములవారు. ఫ్లెమిష్ భాషలో గకారమును ‘జీ’, ‘హెచ్’ జంటతో వ్రాయు వాడుక నాడుండెను. ఆ వాడుకకు అలవడిన చేతులు ఆంగ్లమునందలి పెద్దబాతునకును, మేకకును సైతము కొన్నియెడల ఆ జంటనే కూర్చినవి. అవన్నియు కాలక్రమమున రాలిపోయినను, ప్రేతాత్మను దెలుపు ‘గోస్ట్’ అను పదమున మాత్రము ఆ హెచ్ నిలిచిపోయెను. ప్రాచీనాంగ్లమున ఆ పదమునకు హకారస్పర్శయే లేదు! పేరెఱుగని యొక కంపోజిటరు వ్రేళ్ల యలవాటు కోట్లకొలది జనుల వ్రాతను శాసించుట ముద్రణచరిత్రలో నన్ను మిక్కిలి విస్మయపఱచు విషయము. స్కాట్లండున జరిగినది వేఱొక విధము. యోగ్‌కు అచ్చులు లేకపోవుటచే ముద్రాపకులు రూపసామ్యమును బట్టి ‘జెడ్’ అచ్చును వాడిరి. అందుచేతనే అచటి వంశనామమొకటి ‘మెన్‌జీస్’ అని చదువ వీలగునట్లున్నను పెద్దలు దానిని ‘మింగిస్’ అనియే పలుకుదురు.

కూర్పు స్థిరపడుచుండగనే ధ్వని జాఱిపోవుచుండెను. పదునైదు, పదునాఱు శతాబ్దములందు దక్షిణ ఇంగ్లండున ఆ యూష్మము ‘నైట్’, ‘లైట్’ వంటి పదములందు పూర్తిగా లోపించెను. పెదవులను గుండ్రముగా చుట్టి పలుకు స్వరముల పిమ్మట మాత్రము కొన్ని పదములందు పెదవులకే చేరి ‘ఫ’ ధ్వనిగా మాఱెను. ‘టఫ్’, ‘రఫ్’, ‘కాఫ్’ పదములు అట్టివి. ‘దో’, ‘త్రూ’, ‘బౌ’ అనునవి అదే కూర్పుతో నున్నను మౌనము వహించినవి. 1598లో అచ్చయిన ‘లవ్స్ లేబర్స్ లాస్ట్’ నాటకమున షేక్స్‌పియరు సృష్టించిన హోలోఫెర్నీస్ అను బడిపంతులు, పొరుగువానిని దెలుపు పదమున అక్షరములను మ్రింగి పలుకుచున్నారని జనులపై మండిపడును. ఆ కాలముననే, పలుకుట పోయిన జంట తనకు హక్కులేని పదములందును ప్రవేశించెను: ఫ్రెంచినుండి వచ్చిన ‘డిలైట్’ పదమునకు ‘లైట్’ తోడి సామ్యమువలన అది సంక్రమించెను.

మన భాషయందు ఇట్టి ఘట్టములు రెండు విధముల ముగిసినవి. ప్రాచీనశాసనములందు కనబడు ‘ఴ’ అక్షరము, ధ్వని మాయమగుటతో వ్రాతనుండియు తొలగెను. తమిళుల ‘కోఴి’ మనకు ‘కోడి’ యైనది. అరసున్న యట్లు కాదు. ముక్కుపలుకు పోయిన పిమ్మటను ‘వాఁడు’, ‘మూఁడు’ అని వ్రాసిన పూర్వులు, ఆ పదములందు ఒకప్పుడుండిన నాదమును మనకు దాచియుంచిరి. ఆంగ్లజంటయు అరసున్నవలె స్మారకచిహ్నమే. దానిని కాపాడినవారిని మూఢులని దూషించుట నాకు సమ్మతము కాదు.

తొలగింపజూచినవారు లేకపోలేదు. అమెరికాలో నాగలిని దెలుపు పదము ఆ జంటను వదలుకొని పొట్టిదైనది. కోటీశ్వరుడగు కార్నెగీ ధనసహాయముతో 1906లో ఏర్పడిన సంస్కరణమండలి మున్నూఱు పదములకు క్రొత్త కూర్పులను సూచింపగా, అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు వానిని ప్రభుత్వముద్రణాలయమున పాటింపవలెనని ఆజ్ఞాపించెను; ప్రతినిధిసభ ఆ యేడాది చివరనే వ్యతిరేకింపగా ఆజ్ఞ ఉపసంహరింపబడెను. షికాగో ట్రిబ్యూను పత్రిక మఱింత పట్టుదలతో 1934 నుండి సంస్కరించిన కూర్పులను చేపట్టి, ‘దో’, ‘త్రూ’ పదములను సైతము పొట్టికూర్పుతో అచ్చువేసి, ఆ పద్ధతిని నలువదియేండ్లకు పైగా నిర్వహించి, 1975లో జీ, హెచ్ లను మరల తన పుటలకు చేర్చుకొనెను.