నీట మునిగిన శిల్పము - నిలిచిన ఛాయాచిత్రము

భూమినే ఫలకముగా, మట్టిరాళ్లనే ఉపకరణములుగా గైకొని కళాకృతులను నిర్మించు మార్గము 1960 దశకాంతమున అమెరికాలో బలపడెను. దీనిని భూకళ యనవచ్చును. ఇందు సుప్రసిద్ధమైనది ‘స్పైరల్ జెట్టీ’. యూటా రాష్ట్రమందలి గ్రేట్ సాల్ట్ లేక్ అను ఉప్పునీటి సరస్సులో, 1970 ఏప్రిలున, రాబర్ట్ స్మిత్సన్ దీనిని నిర్మించెను. ఒడ్డునుండి నీటిలోనికి నల్లరాళ్లను, మట్టిని పోయించి, 1500 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల కట్టను శంఖావర్తముగా తీర్చెను.

నాడు సరస్సున నీరు తక్కువగా నుండెను. రెండేండ్లలో నీరు పెరిగి కట్ట మునిగెను. 1973లో స్మిత్సన్ విమానప్రమాదమున మరణించెను. పిదప సుమారు ముప్పదియేండ్లు లోకమా కృతిని ప్రధానముగా జియాన్‌ఫ్రాంకో గోర్గోని తీసిన ఛాయాచిత్రములందును, స్మిత్సన్ నిర్మించిన చలనచిత్రమందును దర్శించెను.

2002లో కట్ట మరల పైకి తేలెను. రాళ్లపై తెల్లని ఉప్పు పేరుకొని యుండెను. అయితే ఈ పునర్దర్శనము కేవలము సంతోషహేతువు కాదు. అనావృష్టికి తోడు, సరస్సును చేరవలసిన నదీజలములను పొలములకు, పట్టణములకు మళ్లించుటచే నీరు తగ్గుచు వచ్చెను. 2022లో నీటిమట్టము, కొలతలు మొదలైననాటినుండి ఎన్నడును లేనంతగా దిగజారెను.

1970 నాటి ఛాయాచిత్రమున కట్టచుట్టును నీరు. ఇటీవలి చిత్రములలో చుట్టును ఉప్పునేల. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచిన, మానవుడు ప్రకృతినుండి ఎంత గైకొనెనో కంటికి గోచరించును. సౌందర్యమునకై కట్టిన కట్ట నేడు కొలబద్దయు నైనది.