నక్షాకు అందని లెక్క

సైనిక బోర్డు చేతిలోని నిర్మాణాలను 1854లో డల్హౌసీ ప్రజాపనుల శాఖకు అప్పగించాడు. నక్షా చూసి మట్టి, రాయి, ఇటుక ఎంత కావాలో లెక్కగట్టి, ఒక్కో పరిమాణాన్ని దాని ధరతో హెచ్చవేసే ఎస్టిమేటు ఆ శాఖకు ఆధారమైంది. స్వతంత్ర భారతమూ ఆ పద్ధతినే కొనసాగించింది.

అయితే గీసినదానినే ఆ పద్ధతి లెక్కించగలదు. పోలవరం అంచనా 2005-06 ధరల్లో 10,151 కోట్ల రూపాయలు. 2017-18 ధరల్లో 55,549 కోట్లు. భారం సిమెంటు, ఉక్కులది మాత్రమే కాదు. సవరించిన మొత్తంలో సగానికి పైగా భూసేకరణ, పునరావాసాలదే. స్పిల్‌వేకు 48 గేట్లని నక్షా చూసి చెప్పవచ్చు. మునిగే ఊళ్లలో కుటుంబాలెన్నో ఏ నక్షా చెప్పదు. గడపగడపకూ వెళ్లి లెక్కించాలి. ఆ లెక్క ఆలస్యమైన ప్రతి ఏడాదీ ఖజానాకు భారం, నిర్వాసితులకు నిరీక్షణ.