టాబ్లెట్‌లో డెస్క్‌టాప్ లినక్స్: సాధ్యమయ్యేది ఎంత? నష్టపోయే ప్రమాదం ఎక్కడ?

టాబ్లెట్ కొన్న కొన్నేళ్లకు తయారీ సంస్థ నుంచి భద్రతా నవీకరణలు ఆగిపోవడం సాధారణమే. తెర పగలదు, బ్యాటరీ కూడా కొంతకాలం నిలుస్తుంది. అయినా బ్రౌజరు పాతబడుతుంది, బ్యాంకు యాప్ తెరుచుకోదు, కొత్త యాప్‌లు ఎక్కవు. క్రమంగా ఆ పరికరం అల్మరాలోకి, అక్కడి నుంచి పాత సామాను కొనేవారి బండిపైకి చేరుతుంది. అటువంటి టాబ్లెట్‌లో డెస్క్‌టాప్ కంప్యూటర్లలో వాడే లినక్స్‌ను స్థాపించి మరికొన్నేళ్లు వాడుకోవచ్చన్న ఆలోచన దశాబ్దానికి పైగా ప్రచారంలో ఉంది. అది కొన్ని పరికరాల్లో చక్కగా నెరవేరింది. కొన్నింటిలో సగమే నెరవేరింది. మరికొన్నింటిలో పనిచేస్తున్న పరికరాన్నే పనికిరాకుండా చేసింది. ఈ తేడాకు కారణాలు తెలిస్తే ఎవరు ప్రయత్నించవచ్చో, ఎవరు దూరంగా ఉండాలో సులువుగా నిర్ణయించుకోవచ్చు.

ఆండ్రాయిడ్ కూడా లినక్సే కదా?

ఆపరేటింగ్ వ్యవస్థలో అంతర్భాగమైన కెర్నల్ యంత్రానికీ, మిగతా సాఫ్ట్‌వేర్‌కూ నడుమ మధ్యవర్తి. ఫిన్లాండ్‌కు చెందిన లినస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసిన లినక్స్ కెర్నలే ఆండ్రాయిడ్‌కు కూడా పునాది. అయితే ఆ పునాదిపై గూగుల్ కట్టిన ఇల్లు వేరు. ఆండ్రాయిడ్‌లో యాప్‌లు తమ తమ గదుల్లో బందీలై ఉంటాయి, వాడుకరికి వ్యవస్థపై పూర్తి అధికారం ఉండదు. డెబియన్, ఉబుంటు, ఫెడోరా వంటి డెస్క్‌టాప్ లినక్స్ పంపిణీల్లో లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్, పైథాన్ వంటి పూర్తిస్థాయి సాఫ్ట్‌వేర్ నేరుగా నడుస్తుంది. కీబోర్డు, మౌస్ తగిలిస్తే టాబ్లెట్ చిన్న కంప్యూటరుగా మారుతుంది. నవీకరణలు తయారీ సంస్థ దయపై కాక, ఆ పంపిణీని నిర్వహించే సముదాయంపై ఆధారపడతాయి.

కంప్యూటరులో సులువైన పని టాబ్లెట్‌లో ఎందుకు కష్టం?

ఇంట్లోని కంప్యూటరులో లినక్స్ స్థాపించడానికి ఒక పెన్‌డ్రైవ్ చాలు. ఆ కంప్యూటరు ఆన్ కాగానే తనలో ఏయే విడిభాగాలు ఉన్నాయో కెర్నల్‌కు తానే చెబుతుంది. అందువల్ల ఒకే ఇన్‌స్టాలర్ వేలాది నమూనాల్లో పనిచేస్తుంది.

ఏఆర్ఎమ్ ప్రాసెసర్‌తో నడిచే టాబ్లెట్లలో ఇటువంటి ఉమ్మడి పద్ధతి లేదు. తెర ఏ తీగకు కలిసి ఉంది, స్పర్శను గుర్తించే చిప్ ఎక్కడుంది, బ్యాటరీని ఏది నియంత్రిస్తుంది అన్న వివరాలన్నీ ముందుగానే ఒక పట్టికగా రాసి కెర్నల్‌కు అందించాలి. దీన్ని డివైస్ ట్రీ అంటారు. ఒక నమూనాకు రాసిన పట్టిక మరో నమూనాకు పనికిరాదు. ఇక గ్రాఫిక్స్, వైఫై, కెమెరా చిప్‌ల డ్రైవర్లను చాలా కంపెనీలు ఆండ్రాయిడ్‌కు మాత్రమే, అదీ మూలసంకేతం ఇవ్వకుండా విడుదల చేస్తాయి.

మూడో అడ్డంకి బూట్‌లోడర్. పరికరం ఆన్ అయినప్పుడు ఏ వ్యవస్థను నడిపించాలో నిర్ణయించే చిన్న ప్రోగ్రాం ఇది. తయారీ సంస్థ సంతకం లేని వ్యవస్థను అది తిరస్కరించేలా చాలా టాబ్లెట్లలో తాళం వేసి ఉంటుంది. కొన్ని సంస్థలు ఆ తాళం తీసే అధికారిక మార్గాన్ని ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఇవ్వని చోట ప్రయత్నం అక్కడితో ఆగిపోవడమే మేలు.

నెక్సస్ 7 నేర్పిన పాఠం

ఈ ప్రయత్నాలన్నిటిలోకీ విస్తృతంగా పరిశీలనకు నోచుకున్నది నెక్సస్ 7. గూగుల్ కోసం ఆసుస్ తయారుచేసిన ఈ 7 అంగుళాల టాబ్లెట్‌ను 2012 జూన్ 27న ప్రకటించారు. ఎన్‌విడియా టెగ్రా 3 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్, 1280×800 తెర దీని ప్రధాన లక్షణాలు. బూట్‌లోడర్ తాళాన్ని ఒక్క ఆదేశంతో తీసే వీలును గూగులే కల్పించింది. ఉబుంటును రూపొందించే కానోనికల్ సంస్థ అదే ఏడాది చివర్లో దీనికోసం ప్రత్యేక ఇన్‌స్టాలర్‌ను సిద్ధం చేసింది.

ఆ పద్ధతి ఇలా ఉండేది. ముందుగా ఉబుంటు నడుస్తున్న కంప్యూటరులో ఇన్‌స్టాలర్‌ను వేసుకోవాలి. టాబ్లెట్‌ను ఆపి, వాల్యూమ్, పవర్ బటన్లు కలిపి నొక్కి బూట్‌లోడర్ తెరను తెప్పించాలి. డేటా కేబుల్‌తో కంప్యూటరుకు కలిపి, ఫాస్ట్‌బూట్ అనే సాధనంతో తాళం తీయాలి. ఆ క్షణంలోనే టాబ్లెట్‌లోని ఫోటోలు, పత్రాలు సహా సమస్తం చెరిగిపోతుంది. ఇది పొరపాటు కాదు. దొంగిలించిన పరికరానికి తాళం తీసి లోపలి సమాచారం చదవకుండా పెట్టిన రక్షణ. ఆ తర్వాత ఇన్‌స్టాలర్ కొత్త వ్యవస్థను టాబ్లెట్‌లోకి పంపుతుంది.

టాబ్లెట్లకు తగిన కొత్త రూపాన్ని తయారుచేయడం నాటి లక్ష్యం కాదు. తక్కువ మెమరీ, పరిమిత బ్యాటరీ ఉన్న పరికరంలో సాధారణ డెస్క్‌టాప్ ఎంత బరువవుతుందో కొలిచి, దాన్ని తేలిక చేయడమే ఉద్దేశం. కీబోర్డు తెరపైనే తేలేది. మౌస్ కోసం గీసిన చిన్న బొత్తాలను వేలితో నొక్కడం పరీక్షగానే ఉండేది. ఈ ప్రయోగం సాగిన ఉబుంటు 13.04కు 2014 జనవరిలోనే మద్దతు ముగిసింది. కానోనికల్ తన దృష్టిని ఉబుంటు టచ్ వైపు మళ్లించి, 2017లో దాన్ని కూడా వదిలేసింది. యూబీపోర్ట్స్ అనే స్వచ్ఛంద సముదాయం ఆ పనిని కొనసాగిస్తోంది. కాబట్టి ఆనాటి నెక్సస్ 7 ఉబుంటు ప్రతిని ఇప్పుడు ఎక్కడో వెదికి స్థాపించడం సరికాదు. భద్రత లేని పాత ఆండ్రాయిడ్ స్థానంలో భద్రత లేని పాత లినక్స్‌ను పెట్టినట్టే అవుతుంది.

ఆ లోటును తీర్చే ప్రయత్నమే 2017లో ప్రజల ముందుకు వచ్చిన పోస్ట్‌మార్కెట్ ఓఎస్. ఆల్పైన్ లినక్స్ ఆధారంగా నిర్మించిన ఈ వ్యవస్థ ఫోన్లు, టాబ్లెట్లకు పదేళ్ల ఆయుష్షు ఇవ్వాలన్న ఆశయంతో మొదలైంది. నెక్సస్ 7 కూడా దాని జాబితాలో ఉంది. ప్రతి పరికరానికీ ఒక పుట కేటాయించి తెర, స్పర్శ, వైఫై, ధ్వని, కెమెరాల్లో ఏది పనిచేస్తుందో, ఏది పనిచేయదో అందులో నమోదు చేస్తారు. కొత్తగా ప్రయత్నించేవారు మొదట చదవాల్సింది ఆ పట్టికనే.

ఆకాశ్‌తో భారతీయ ప్రయోగం

విద్యార్థులకు చౌకగా అందించాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2011 అక్టోబరు 5న ఢిల్లీలో ఆవిష్కరించిన ఆకాశ్ టాబ్లెట్‌ను డేటావిండ్ సంస్థ సరఫరా చేసింది. తొలి విడత పరికరాల కూర్పు హైదరాబాద్‌లో జరిగింది. 256 ఎంబీ ర్యామ్‌తో వచ్చిన ఆ తొలి నమూనా నెమ్మదితనంపై విమర్శలు వచ్చాయి. 2012 నవంబరు 11న విడుదలైన ఆకాశ్ 2లో 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 ఎంబీ ర్యామ్ ఉన్నాయి.

ఐఐటీ బొంబాయిలోని ఫాసీ బృందం ఈ రెండో నమూనాలో గ్నూ/లినక్స్‌ను నడిపించింది. దీనికి వారు అనుసరించిన మార్గం గమనించదగినది. ఆకాశ్ 2లోని ఆల్‌విన్నర్ ప్రాసెసర్ ఆన్ కాగానే ముందుగా మెమరీ కార్డులో బూట్‌లోడర్ ఉందేమో చూస్తుంది. లేకపోతేనే లోపలి మెమరీకి వెళుతుంది. కాబట్టి లినక్స్ రాసిన కార్డు పెడితే లినక్స్, తీసేస్తే ఆండ్రాయిడ్ వస్తాయి. లోపలి వ్యవస్థకు చీమకుట్టినంత హాని కూడా ఉండదు. మెమరీ కార్డు నుంచి నడిచే అవకాశం ఉన్న పరికరమే కొత్తవారికి అన్నిటికన్నా సురక్షితమని ఈ ఉదాహరణ చెబుతోంది.

విండోస్ టాబ్లెట్లదీ వేరే దారి

ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న టాబ్లెట్లు లోపల కంప్యూటర్లే. వాటిలో పెన్‌డ్రైవ్ పద్ధతి చాలావరకు పనిచేస్తుంది. అయితే 2013 తర్వాత వచ్చిన చౌక ఆటమ్ టాబ్లెట్లలో ఒక మెలిక ఉంది. ప్రాసెసర్ 64 బిట్‌దైనా, దాన్ని మేల్కొలిపే యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ మాత్రం 32 బిట్‌ది. అందువల్ల మామూలు 64 బిట్ లినక్స్ పెన్‌డ్రైవ్‌ను అది గుర్తించదు. రెండు రకాల బూట్‌లోడర్లూ ఉన్న ఇన్‌స్టాలర్‌ను ఎంచుకోవాలి. డెబియన్ తన 8వ సంచిక నుంచి ఇటువంటి యంత్రాలకు వీలు కల్పించింది.

మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ టాబ్లెట్లలో ఇంటెల్ నమూనాలు లినక్స్‌ను స్వీకరిస్తాయి. అయినా స్పర్శ, పెన్ను, కెమెరా వంటివి సరిగా పనిచేయడానికి లినక్స్-సర్ఫేస్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు అందించే ప్రత్యేక కెర్నల్ అవసరం కావచ్చు. విండోస్‌ను ఉంచుకుని పక్కన లినక్స్ పెట్టదలచినవారు ముందుగా బిట్‌లాకర్ రికవరీ కీని కాగితంపై రాసుకోవాలి. బూట్ అమరికలు మారినప్పుడు విండోస్ ఆ కీ అడిగే అవకాశం ఉంది. అది లేకపోతే పాత సమాచారమంతా అందకుండా పోతుంది.

మొదలుపెట్టే ముందు

పెట్టె మీద ఉన్న వ్యాపార నామం సరిపోదు. సెట్టింగుల్లో కనిపించే కచ్చితమైన మోడల్ సంఖ్యను నోట్ చేసుకోవాలి. ఒకే పేరుతో అమ్మిన టాబ్లెట్లలో వేర్వేరు ప్రాసెసర్లు ఉండవచ్చు. ఆ సంఖ్యతో పంపిణీ పరికరాల జాబితాలో వెదికి, వైఫై, స్పర్శ, ఛార్జింగ్ మూడూ పనిచేస్తాయని నిర్ధారించుకోవాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా రోజువారీ వాడకానికి అది పనికిరాదు.

తర్వాత సమాచారం మొత్తాన్ని మరోచోట భద్రపరచాలి. తయారీ సంస్థ ఇచ్చిన అసలు ఆండ్రాయిడ్ ప్రతి దొరికితే దాన్ని కూడా దింపుకొని పెట్టుకోవాలి, వెనక్కి రావడానికి అదే దారి. బ్యాటరీ నిండుగా ఉండాలి, కేబుల్ వదులుగా ఉండకూడదు. కరెంటు పోయే వేళ డెస్క్‌టాప్‌తో ఈ పనికి దిగకపోవడం మంచిది. బూట్‌లోడర్ ఉన్న భాగాన్ని చెరిపే ఆదేశాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకూడదు. వ్యవస్థ చెడితే మళ్లీ రాయవచ్చు. బూట్‌లోడరే పోతే ఇంటి దగ్గర బాగుచేసే మార్గం చాలా పరికరాల్లో లేదు. నెక్సస్ 7నే కొందరు ఈ విధంగా పోగొట్టుకున్నారు. తాళం తీస్తే వారంటీ వర్తించకపోవచ్చు. కొన్ని బ్యాంకు, చెల్లింపు యాప్‌లు కూడా ఆ పరికరంలో పనిచేయడానికి నిరాకరిస్తాయి.

1 జీబీ ర్యామ్ ఉన్నచోట గ్నోమ్, కేడీఈ వంటి పెద్ద డెస్క్‌టాప్‌లు భారమవుతాయి. ఎక్స్ఎఫ్‌సీఈ, ఎల్ఎక్స్‌క్యూటీ వంటి తేలికపాటివి నయం. 4 జీబీ ఉంటే గ్నోమ్ వేలితో వాడుకోవడానికి అనువుగా ఉంటుంది.

తెలుగు సంగతి

స్థాపన పూర్తయ్యాక తెలుగు అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. లోపించినది ఫాంటు మాత్రమే. లోహిత్ తెలుగు, నోటో ఫాంట్లు ప్రధాన పంపిణీలన్నిటిలో ఉచితంగా లభిస్తాయి. మండలి, రామభద్ర వంటి స్వేచ్ఛా ఫాంట్లను కూడా చేర్చుకోవచ్చు. టైపు చేయడానికి ఐబస్‌తో పాటు ఎం17ఎన్ ప్యాకేజీని స్థాపిస్తే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు, ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతి కూడా లభిస్తుంది. విడి కీబోర్డు ఉంటే ఈ పని మరింత తేలిక. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్ వ్యవస్థను గతంలోనే రూపొందించింది.

ఎవరు దూరంగా ఉండాలి?

పాఠశాలలు, కార్యాలయాలు ఇచ్చిన పరికరాల విషయంలో ఈ ప్రయోగం తగదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరు 21న 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీని ప్రారంభించింది. వాటిలో పాఠాలతో పాటు దుర్వినియోగాన్ని అరికట్టే నియంత్రణ సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. అటువంటి ట్యాబ్ తాళం తీస్తే పాఠాలు పోతాయి, నియమాల ఉల్లంఘన అవుతుంది, చదువుకునే పిల్లలకే నష్టం కలుగుతుంది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పరికరంపైన, పరీక్షల ముందు వారంలోనూ ఈ పని పెట్టుకోకూడదు.

లినక్స్ నేర్చుకోవడమే లక్ష్యమైతే చెరపకుండానే ఒక మార్గం ఉంది. టెర్మక్స్ అనే యాప్‌లో ప్రూట్ సాధనంతో డెబియన్‌ను ఆండ్రాయిడ్ లోపలే నడిపించవచ్చు. వేగం కొంత తగ్గుతుంది, కింద ఉన్న ఆండ్రాయిడ్ భద్రతా లోపాలు అలాగే ఉంటాయి. అయినా నచ్చకపోతే యాప్ తీసేస్తే సరిపోతుంది, పోయేదేమీ లేదు.

అన్ని ప్రయత్నాలూ విఫలమైన టాబ్లెట్‌ను చెత్తబుట్టలో వేయడం ప్రమాదకరం. అందులోని లిథియం బ్యాటరీ నలిగితే మంటలు రావచ్చు. దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత పరికరాల పునశ్శుద్ధి బాధ్యత ఉత్పత్తిదారులపై ఉంది. నమోదిత పునశ్శుద్ధి కేంద్రానికి అప్పగించే ముందు ఖాతాల నుంచి బయటకు వచ్చి, మెమరీ కార్డు, సిమ్ తీసివేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేయడం మరవకూడదు.