బ్లాక్‌ఫీట్ నాయకుల తొలి తైలవర్ణ చిత్రాలు

బ్లాక్‌ఫీట్ నాయకుల తొలి తైలవర్ణ చిత్రాలు అనగా ఉత్తర అమెరికా మైదానాలలోని బ్లాక్‌ఫీట్ తెగల పెద్దలను 19వ శతాబ్దంలో శ్వేతజాతి చిత్రకారులు చిత్రించిన రూపచిత్రాలు. సిక్సికా, కైనాయ్, పికానీ అను తెగలు కలిసిన ఈ సమాఖ్య ప్రజలు నేడు అమెరికాలోని మోంటానాలోను, కెనడాలోని ఆల్బర్టాలోను నివసిస్తున్నారు. ఈ చిత్రాలలో ముఖ్యమైనవి జార్జి కాట్లిన్ 1832లో గీసినవి.

చిత్రణ

న్యాయవాద వృత్తిని విడిచి చిత్రకారుడైన కాట్లిన్, 1832లో ఎల్లోస్టోన్ అను ఆవిరి పడవపై మిస్సోరి నదిలో ఎగువకు ప్రయాణించి, తోళ్ళ వర్తకుల స్థావరమైన ఫోర్ట్ యూనియన్ చేరుకున్నాడు. అక్కడి బురుజులో ఫిరంగినే పీటగా చేసుకొని బొమ్మలు వేశాడు. కైనాయ్ ప్రధాన నాయకుడు స్టుమికోసక్స్, అతని భార్య ఈనిస్కిమ్ చిత్రాలు అప్పటివే. ఆ నాయకుని పేరుకు "బైసన్ ఎద్దు వీపు కొవ్వు" అని అర్థం. మన చెవికి వింతగా తోచినా, ఆ మైదానాలలో అది అందరూ కోరుకునే ఆహారం.

ఐదేళ్ళ తరువాత, 1837లో, అదే నదిపై వచ్చిన సెయింట్ పీటర్స్ అను మరొక పడవ ద్వారా మశూచి వ్యాపించి బ్లాక్‌ఫీట్ ప్రజలు వేల సంఖ్యలో మరణించారు. అందుచేత ఆ ఉపద్రవానికి ముందరి తరం నాయకుల ముఖాలు ఎరుగుటకు ఈ చిత్రాలు అరుదైన ఆధారం. 1833లో కార్ల్ బోడ్మర్ గీసినవి నీటిరంగుల చిత్రాలు కావున ఈ కోవలోకి రావు. గాని దుస్తుల, ఆభరణాల వివరాలలో అవే మిన్న.

సేకరణ చరిత్ర

కాట్లిన్ తన చిత్రాలను "ఇండియన్ గ్యాలరీ" పేరున అమెరికాలోను, 1840 నుండి లండన్‌లోను, పిదప పారిస్‌లోను ప్రదర్శించాడు. స్టుమికోసక్స్ చిత్రం 1846లో పారిస్ సలోన్‌లో ప్రదర్శింపబడి కవి బోదిలేర్ మెప్పు పొందినది. అయితే ఈ సేకరణను కొనవలెనన్న అతని విన్నపాన్ని అమెరికా కాంగ్రెస్ అంగీకరించలేదు. 1852లో కాట్లిన్ అప్పులపాలు కాగా, ఫిలడెల్ఫియాకు చెందిన రైలు ఇంజన్ల తయారీదారు జోసెఫ్ హారిసన్ ఆ బాకీలు తీర్చి చిత్రాలను తీసుకొని, తన బాయిలర్ల కర్మాగారంలో భద్రపరచాడు. అక్కడ నీటివలన, పొగవలన కొన్ని దెబ్బతిన్నాయి.

ఒక విధంగా కాంగ్రెస్ నిరాకరణే వీటిని కాపాడినదనవచ్చు. 1853లో బ్లాక్‌ఫీట్ శిబిరానికి వెళ్ళిన మరొక చిత్రకారుడు జాన్ మిక్స్ స్టాన్లీ తన ఇండియన్ చిత్రాల సేకరణను స్మిత్సోనియన్ భవనంలో ఉంచగా, 1865 జనవరి 24న జరిగిన అగ్నిప్రమాదంలో అది దాదాపు పూర్తిగా దగ్ధమైనది. కాట్లిన్ చిత్రాలు అప్పటికి కర్మాగారంలోనే ఉన్నాయి. అతడు 1872లో మరణించాడు. 1879లో హారిసన్ భార్య వాటిని స్మిత్సోనియన్‌కు దానం చేసినది. నేడవి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

ప్రతులు, ఇతర సేకరణలు

చిత్రాలు చేజారిన తరువాత కాట్లిన్ వాటిలో చాలావాటిని జ్ఞాపకం నుండి, పాత రేఖాచిత్రాల నుండి మరల గీశాడు. ఈ రెండవ వరుసలో అనేకం 1965లో పాల్ మెలన్ దానంగా వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కు చేరినవి. ఒకే నాయకుని బొమ్మ రెండుచోట్ల కనిపించినపుడు ఏది 1832 నాటిదో చూచుకొనుట అవసరం. రెండవది ఎదుట కూర్చున్న మనిషిని చూచి గీసినది కాదు.

కెనడాలో పాల్ కేన్ 1846-48 మధ్య చేసిన ప్రయాణాల రేఖాచిత్రాల ఆధారంగా టొరంటోలో తైలవర్ణ చిత్రాలు వేశాడు. వీటిలో బ్లాక్‌ఫీట్ నాయకులవి కూడా ఉన్నాయి. జార్జి విలియం అలన్ కొన్న వంద చిత్రాలు తరువాత ఎడ్మండ్ ఆస్లర్ చేతికి వచ్చి, 1912లో అతని దానంతో రాయల్ ఒంటారియో మ్యూజియంకు చేరినవి.